నోరు బాగా తెరవండి

జనవరి 6

ఎన్నికల ఫలితాలు మళ్ళీ వాయిదా వేశారు. ఓట్లు లెక్కపెట్టేవాళ్ళకి జలుబు చేసిందని రేడియోలో చెప్పారు. దేశం మొత్తం మీద, అందరికీ ఒకేసారి. అత్తయ్య రేడియో కట్టేసి, "జలుబు చేస్తే పనిచెయ్యనిది ముక్కు. వేళ్ళకేమొచ్చింది?" అంది.

నాకు రాజకీయాలు అక్కర్లేదు. నేను పళ్ళ డాక్టర్ని. ఏ పార్టీవాడైనా కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాక ఒకేలా ఉంటాడు. ఈ డైరీ కూడా రాజకీయాల కోసం మొదలుపెట్టింది కాదు. మా ఆయన పోయాక వాదించే అలవాటు తప్పిపోతుందేమోనని మొదలుపెట్టాను. అత్తయ్యతో వాదించొచ్చు గానీ ఆవిడ గెలుస్తుంది.

జనవరి 19

తమ్ముడొచ్చాడు. మైకుసెట్టు వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉందిట. పొద్దున మన అధ్యక్షుడు పెద్దాయన పార్టీ సభకి, సాయంత్రం ఎదుటిపార్టీ సభకి. అదే వ్యాను, అవే స్పీకర్లు, అదే మైకు.

"మధ్యలో మైకు తుడుస్తావా?" అన్నాను.

"తుడవకపోతే ఎలా అక్కా? ఇద్దరూ ఉమ్ముతారు."

ఫిబ్రవరి 11

పెద్దాయన ఇక గద్దె మీద లేడు. పొద్దున్నే రేడియోలో బ్యాండు, బ్యాండు తర్వాత జనరల్‌గారు. దేశాన్ని కాపాడారట. ఎవరినుంచో చెప్పలేదు.

మధ్యాహ్నానికల్లా ఒక సిపాయి వచ్చి జనరల్ ఫోటో ఇచ్చి, క్లినిక్కులో తగిలించమన్నాడు. పెద్దాయన్ని చట్రంలోంచి తీసి ఈయన్ని పెట్టబోతే భుజాల మీది బిళ్ళలు పట్టలేదు. అత్తయ్య కత్తెర తెచ్చి ఆయన ర్యాంకు కొంచెం తగ్గించింది.

ఫిబ్రవరి 12

కర్ఫ్యూ. పంటినొప్పికి కర్ఫ్యూ లేదని బోర్డు రాద్దామనుకున్నాను. రాయలేదు.

ఫిబ్రవరి 27

నా అసిస్టెంటు అమ్మాయి పనికి రానని కబురుపెట్టింది. దారిలో మూడుచోట్ల సంచీ వెతుకుతున్నారట. ఇకనుంచి రోగి నోట్లో ఉమ్ము లాగే గొట్టం అత్తయ్య పట్టుకుంటుంది. చెయ్యి స్థిరంగానే ఉంది. నోరే స్థిరంగా ఉండదు. ఇవాళ ఒకాయన దంతం పీకుతుంటే, "మీ నాన్నకీ ఇలాగే వంకర పళ్ళు, ఎంత చెడ్డవాడో" అంది. అతను లేచిపోలేని స్థితిలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

మార్చి 3

తమ్ముణ్ణి పట్టుకెళ్ళారు.

మార్చి 4

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. వంతెన దగ్గర కాలేజీ పిల్లలు సభ పెట్టారు. మైకు మావాడిది. ఎవరో ఒక అమ్మాయి వ్యాను మీదకెక్కి జనరల్‌ని ఇంటికి వెళ్ళమందిట. మర్యాదగానే అందిట. సిపాయిలు కాల్చారు. చాలామంది పడిపోయారు. మావాడు పారిపోకుండా వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడని రొట్టెల కొట్టాయన చెప్పాడు. వైర్లు ఖరీదైనవి మరి. ఆ చుడుతున్నవాణ్ణి అలాగే వైర్లతో సహా ఎత్తి ట్రక్కులో వేశారు.

పొద్దున్నే వెళ్ళాను. పోలీసు స్టేషన్ చాలక హైస్కూల్ని తీసుకున్నారు. గేటు దగ్గర సార్జెంటుని, "మైకుసెట్టతను ఉన్నాడా?" అనడిగాను. "లోపల అందరూ మైకుసెట్టువాళ్ళేనమ్మా, ఒకటే అరుపులు" అని నవ్వాడు. వాడికి కిందిపళ్ళ మీద అంగుళం గార ఉంది. అది ఊడి వాడి గొంతులో అడ్డం పడాలని కోరుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంటికొస్తే నా కుర్చీలో ఒక అమ్మాయి. ముఖం సగం నల్లబడి, గడ్డం పక్కకి జరిగిపోయి ఉంది. అత్తయ్య ఆ అమ్మాయి తల నిమురుతూ, "వెనక తలుపు కొట్టింది. తీశాను" అంది. తలుపు కొడితే తియ్యడమే కదా చేస్తారు అన్నట్టు.

దవడ రెండుచోట్ల విరిగింది. తుపాకీ మడమ. మత్తు ఇచ్చి, సరిచేసి, పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగలతో కలిపి కట్టేశాను. ఆరు వారాలు నోరు తెరవడానికి లేదు. పాలు, పళ్ళరసం, పలచటి సూపు, పళ్ళ సందుల్లోంచి పీల్చుకోవాలి.

సగం పని అయ్యాక ఆ పిల్ల కాగితం అడిగి రాసింది: వంతెన దగ్గర మాట్లాడింది నేనే.

ఇంకా నాలుగు తీగలు బిగించాలి. ఎంత బిగించాలో అంతే బిగించాను. ప్రతి తీగా రెండోసారి చూసుకున్నాను.

మార్చి 9

తన చెల్లెలి మనవరాలని, మెట్ల మీంచి పడిందని అత్తయ్య ఇరుగుపొరుగుకి చెప్పింది. పైగదిలో ఉంచింది. ఆ పిల్ల నోరు విప్పలేదు, అత్తయ్య నోరు మూయలేదు. ఇద్దరికీ భలే కుదిరింది.

మేం ఎవర్నీ దాచిపెట్టలేదు. దాచిపెట్టడం వేరు. దవడ విరిగిన రోగిని డాక్టరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ మాట రాసి పెట్టుకోవడం మంచిది.

మార్చి 17

పన్నెండింటికి జీపు ఆగింది. ఇద్దరు సిపాయిలు దిగారు. వాళ్ళ వెనకాల, బుగ్గకి చేతిరుమాలు కట్టుకుని, మేజర్.

ఊరంతా ఇప్పుడు ఈయన చేతిలోనే ఉంది. కుడివైపు కింది దవడ పన్ను చీము పట్టింది. సూది చూపించగానే కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"నొప్పి ఉంటుందా డాక్టరుగారూ?"

మీ హైస్కూల్లో ఉన్నంత ఉండదండీ అన్నాను. అంటే, అనలేదు. ఇప్పుడు రాశాను. డైరీలో నాకు ధైర్యం ఎక్కువ.

పన్ను తెరిచి చీము పోనిచ్చి, మందు పెట్టి పంపించాను. ఇంకా రెండు మూడుసార్లు రావాలని చెప్పాను. నిజమే చెప్పాను. వెళ్ళేటప్పుడు జనరల్ ఫోటోకి సెల్యూట్ కొట్టి, దగ్గరికెళ్ళి భుజాలు చూసి వెళ్ళిపోయాడు.

మార్చి 24

మేజర్ రెండోసారి వచ్చాడు. నొప్పి తగ్గిందిట, అందుకని మాటలొచ్చాయి.

"మీ తమ్ముడు మా దగ్గరున్నాడని తెలిసింది. ముందే చెప్పాల్సింది మీరు."

"గేటు దగ్గర చెప్పానండీ."

"అతని మైకులో మాట్లాడిన అమ్మాయి ఎవరో చెప్పట్లేదు. మొండివాడు. ఆ అమ్మాయి దొరికితే సాయంత్రానికి అతను ఇంట్లో ఉంటాడు." రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఆమె దవడ విరిగింది. కొట్టినవాడే చెప్పాడు. ఊళ్ళో పళ్ళ డాక్టరు మీరొక్కరే" అన్నాడు.

"విరిగిన దవడలు పెద్దాసుపత్రికి పంపిస్తామండీ. మాకు పళ్ళవరకే."

అప్పుడే పైన నేల కిర్రుమంది. మేజర్ కళ్ళు పైకెత్తాడు. ఏదో అడగడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో అత్తయ్య గొట్టం పెట్టేసింది. "ఊరకుండండి బాబూ, ఉమ్మంతా గొంతులోకి పోతోంది" అంది. గొట్టం గుర్రుగుర్రుమంటుంటే పైన ఏం కిర్రుమన్నా వినపడదు. నేను డ్రిల్లు కూడా వేశాను. ఆ కాసేపూ డ్రిల్లుతో అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు.

మార్చి 25

ఇందులో ఆలోచించడానికేమీ లేదు. మధ్యాహ్నమంతా ఆలోచించాను.

పైకి వెళ్ళేసరికి అత్తయ్య అప్పటికే ఆ పిల్లకి మొత్తం చెప్పేసింది. ఆ పిల్ల పలక మీద పెద్ద అక్షరాలతో రాసి నాకు చూపించింది: చెప్పేయండి.

"నీ దస్తూరీ ఘోరంగా ఉంది, ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అన్నాను.

అత్తయ్య పలక లాక్కుని అరచేత్తో తుడిచేసింది. "చదువుకున్నదానివి కదా, ఈసారి మంచి మాటలు రాయి" అని తిరిగిచ్చింది.

ఆ పిల్లకి ఇరవై ఏళ్ళు ఉండవు. నా తమ్ముడికి ముప్ఫై ఆరు. ఇవి ఎందుకు రాస్తున్నానో తెలియదు. తూకం వెయ్యడానికి కాదు.

మార్చి 26

పొద్దున హైస్కూలు గేటు దాకా వెళ్ళాను. చెప్పడానికి కాదు. నడక ఒంటికి మంచిదని. గేటు ఎదుటి కొట్లో టీ తాగాను. సార్జెంటు నన్ను చూసి ఏమిటన్నట్టు తలెగరేశాడు. వాడి వైపు రెండడుగులు వేశాను కూడా. లోపల ఏదో క్లాసు గదిలో ఎవరో దగ్గుతున్నారు. మావాడు కాదు. మావాడి దగ్గు నాకు తెలుసు.

తిరిగొచ్చేశాను. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటుంటే అత్తయ్య చూసి, "చెప్పుల్లేకుండా ఎక్కడికెళ్ళావే?" అంది. అప్పటిదాకా నేను చూసుకోలేదు.

"నడకకి."

ఆవిడ ఇంకేం అడగలేదు. ఆవిడ ఏమీ అడగకపోవడం నా కాపురంలో ఇదే మొదలు.

ఏప్రిల్ 1

మేజర్ మూడోసారి. చిరాగ్గా వచ్చాడు. పదో తారీఖున నది అవతలి ఊళ్ళో జనరల్‌గారి విజయసభ. ఏం గెలిచారని అడగబోయి మానుకున్నాను. జనరల్‌గారు మాట్లాడాలి, ఊరూరా మైకుసెట్టువాళ్ళందరూ అయితే పారిపోయారు, లేకపోతే లోపలున్నారు. "మెగాఫోనుతో మాట్లాడమంటే నన్ను చంపేస్తాడు" అన్నాడు. దవడ పక్క మత్తు సూది వెయ్యబోతున్నాను కాబట్టి అంత నిజం చెప్పాడు. సూది ముందు మనుషులు పసిపిల్లలైపోతారు.

మత్తు ఎక్కింది. పంటి చుట్టూ రబ్బరు తెర బిగించాను. బుగ్గలో దూది. అత్తయ్య గొట్టం పట్టింది. ఇక ఆయన నాలుక కదపలేడు.

"మేజరుగారూ," అన్నాను, "ఈ ఊళ్ళో మైకుసెట్టు ఒక్కటే. వ్యాను మీ ఆవరణలోనే ఉంది. నడిపేవాడు మీ హైస్కూల్లో ఉన్నాడు. వాణ్ణి వదిలిపెడతారా?"

"ఆ..." అన్నాడు. నోరు తెరిచి ఉన్నవాడు ఇంకేమనగలడు?

"ఇవాళే?"

"ఆ... ఆ..."

పనంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. ఆ పంటి వేరు అంత శుభ్రంగా నా జీవితంలో ఎవరికీ చెయ్యలేదు. తాత్కాలికంగా సిమెంటు పెట్టి, రబ్బరు తీసి, పుక్కిలించమన్నాను.

"చాలా థాంక్సండీ," అన్నాను.

"దేనికి?"

"మా తమ్ముణ్ణి ఇవాళే వదులుతానన్నారుగా."

"నేనెప్పుడన్నాను?"

"ఆ అన్నారు కదండీ."

"నేనూ విన్నాను బాబూ," అంది అత్తయ్య. "రెండో దానికి ఇంకా గట్టిగా అన్నారు."

తలుపు దగ్గర సిపాయి ఒకడు పళ్ళికిలించాడు. మేజర్ వాడి వైపు చూసి, నా వైపు చూసి, నవ్వాడు. ముఖం సగమే నవ్వింది. మత్తులో ఉన్న సగం నవ్వలేదు. ఆ నవ్వని సగమే ఆయన అసలు ముఖమని నాకనిపించింది.

"సభ అయ్యేదాకా," అన్నాడు. "మైకు ఒక్కసారి గరగరమన్నా మళ్ళీ లోపలికే. అమ్మాయి సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

వాళ్ళు వెళ్ళాక రోగులు ఉమ్మే పళ్ళెం దగ్గరే నాకు వాంతయింది. అత్తయ్య వీపు రాస్తూ, "నీ మొగుడు కూడా నేనేమడిగినా ఇలాగే ఆ అనేవాడు. ఒక్కటీ చేసేవాడు కాదు. ఈయన నయమేమో చూద్దాం" అంది.

ఏప్రిల్ 2

నయమే. పదకొండింటికి తమ్ముడు తన వ్యానే తోలుకుంటూ వచ్చాడు.

ఒళ్ళంతా ఎముకలు. రెండు పళ్ళు లేవు, అవి కట్టొచ్చు. వెనకనుంచి పిలిచాను, తిరగలేదు. భుజం పట్టుకుంటే తిరిగాడు. చెవుల మీద కొట్టారు. రెండు అరచేతులతో, ఒకేసారి. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి దగ్గరగా నోరు పెట్టి అరిస్తే కొంచెం. వీధి చివర తిరిగే మోటారు చప్పుడు విని బేరింగు ఎప్పుడు పోతుందో చెప్పేవాడు వీడు.

నేను పళ్ళ డాక్టర్ని. చెవులు నాకు రావు.

ఏప్రిల్ 3

తమ్ముడు పైకెళ్ళి ఆ పిల్లని చూశాడు. నేను భయపడ్డాను. వాడు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నీ అరుపుకి నా స్పీకరు కోను చిరిగింది, తెలుసా?" అన్నాడు. ఇప్పుడు వాడి గొంతు వాడికే వినిపించదు కాబట్టి ఇల్లంతా దద్దరిల్లేలా మాట్లాడతాడు. అత్తయ్య కిటికీ మూసింది.

ఆ పిల్ల ఏడ్చింది. తీగలు కట్టిన నోటితో ఏడవడం కష్టం. పలక మీద తన పేరు రాయబోయింది. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. అక్కడ రోజూ అడిగారు. తెలియదన్నాను, నిజంగానే తెలియదు. తెలిసుంటే చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు మళ్ళీ తీసుకెళ్తే మళ్ళీ అడుగుతారు. నాకు తెలియకుండానే ఉండనీ."

మేజర్ వాణ్ణి మొండివాడన్నాడు. ఇలాంటి మొండితనం ఉంటుందని నాకు తెలియదు.

ఏప్రిల్ 8

పథకం తమ్ముడిది. పెద్ద స్పీకరు పెట్టె ఒకటుంది, బీరువా అంత. అందులో స్పీకరు ఊడదీసి కింద దుప్పట్లు పరిచాడు. ముందు వైపు గుడ్డ ఉంటుంది, గాలి ఆడుతుంది. వ్యాను అద్దానికి మేజర్ స్వయంగా సంతకం చేసిన పాసు. ఆ పిల్ల జనరల్ సభకే వెళ్తుంది, ప్రభుత్వ ఖర్చుతో. నది దాటితే ఆ పిల్లని దాచే తోటివాళ్ళున్నారు.

నాకున్న భయం ఒకటే. దారి గతుకులు. నోరు కట్టేసి ఉన్నవాళ్ళకి వాంతి వస్తే ఊపిరాడదు, ప్రాణం పోతుంది. తీగలు కత్తిరించే చిన్న కటింగ్ ప్లయరు తాడు కట్టి మెడలో వేశాను. ఏ తీగ ముందు, ఏది తర్వాత, కళ్ళు మూసుకుని చెయ్యమన్నాను. సాయంత్రందాకా చేయించాను. చివరికి విసుక్కుని పలక మీద రాసింది: మీరు మేజర్ కంటే ఘోరం.

ఏప్రిల్ 9

పొద్దున్నే వెళ్ళారు. పెట్టెలోకి దిగేముందు ఆ పిల్ల అత్తయ్యని వాటేసుకుంది. అత్తయ్య ఆ పిల్ల మెడలో తాడు సరిచేసింది. వ్యాను మలుపు తిరిగాక ముక్కు చీది, "దుమ్ము" అంది.

ఏప్రిల్ 10

రేడియోలో జనరల్ ప్రసంగం. గరగర లేదు. అత్తయ్యా నేనూ విన్నంత శ్రద్ధగా ఆయన ప్రసంగం ఆఖరుదాకా విన్నవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

ఏప్రిల్ 11

రాలేదు.

ఏప్రిల్ 12

రాలేదు. ముగ్గురు రోగులొచ్చారు. ఒకరికి పీకాల్సిన పన్ను పక్కది పీకబోయాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

ఏప్రిల్ 13

వచ్చాడు. సభ అయ్యాక కూడా జనరల్‌గారి తోడల్లుడి ఇంట్లో పెళ్ళి ఉందని, మైకు కోసం ఆపేశారట. పెళ్ళి. నేను మూడ్రోజులుగా శవాన్ని ఊహించుకుంటుంటే వీడు అక్కడ పెళ్ళిపాటలు వేస్తున్నాడు. చెంప మీద ఒకటిద్దామని చెయ్యెత్తి, చెవి గుర్తొచ్చి దించాను.

వంతెన దాటే ముందు తనిఖీ దగ్గర వ్యాను ఆపారట. ఒక్కో పెట్టె తట్టి చూస్తున్నారు. అప్పుడే పెట్టెలో ఆ పిల్లకి వాంతయింది. వీడికి ఏమీ వినపడదు. తెలియదు. తెలియదు కాబట్టి వీడి ముఖంలో ఏమీ లేదు. సిపాయి పాసు చూసి, పెట్టె మీద ఒక దెబ్బ వేసి, పొమ్మన్నాడట. అవతలి ఒడ్డున పెట్టె తెరిస్తే ఆ పిల్ల చీకట్లో తీగలన్నీ తనే కత్తిరించుకుని, ఒళ్ళంతా ఖరాబై, ప్లయరు గుప్పిట్లో పట్టుకుని కూర్చునుంది. ఒక్క శబ్దం చెయ్యకుండా.

"ఏమందిరా?" అని చెవిలో అరిచాను.

"పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. 'మీరు బండి ఘోరంగా తోలతారన్నా' అంది."

అత్తయ్య చప్పట్లు కొట్టి నవ్వింది. తర్వాత లోపలికెళ్ళి చాలాసేపు దుమ్ము చీదుకుంది.

మే 20

అవతలి ఒడ్డున దొంగచాటుగా నడిచే రేడియోలో ఆ పిల్ల మాట్లాడుతోందని ఊరంతా గుసగుస. మేజర్‌ని ఎడారి పక్కకి బదిలీ చేశారు. వెళ్తూ వెళ్తూ జీపు ఆపి గుమ్మంలోనే నిలబడి, "విరిగిన దవడలు పెద్దాసుపత్రికి పంపిస్తారు కదూ?" అన్నాడు.

"ఆ," అన్నాను.

ఆయన కళ్ళు ఒకసారి పైగది వైపు వెళ్ళాయి. నా వెనక గోడకి అత్తయ్య అతుక్కుని నిలబడిన సంగతి నాకు ఆవిడ ఊపిరి వల్ల తెలుస్తోంది. చివరికి బుగ్గ తడుముకుని జీపెక్కాడు. అది తాత్కాలిక సిమెంటనీ, వేసవి దాటదనీ నేను వెనకాలే వెళ్ళి చెప్పాను. డాక్టరుగా చెప్పాలి కదా. ఇంజను హోరులో విన్నాడో లేదో.

జూలై 2

బంద్. రొట్టెల కొట్టాయన్ని కాల్చేశారు. కొట్టు తీసినందుకా, మూసినందుకా ఎవరికీ తెలియదు. ఆయన పైదవడకి నేను కట్టిన పన్ను ఇంకా కొత్తదే.

దీనిమీద ఏదైనా హాస్యమాడదామని అరగంట కూర్చున్నాను. రాలేదు.

సెప్టెంబరు 15

ఈ నెలంతా దవడలు. పెద్దాసుపత్రికి పంపడం లేదు.

నవంబరు 8

జనరల్‌గారు విమానమెక్కారు. వైద్యం కోసమట. అత్తయ్య ఫోటో దించి, చట్రం తుడిచి ఖాళీగానే తగిలించింది. "కొన్నాళ్ళు గోడ చూద్దాం" అంది.

నవంబరు 30

తమ్ముడు కొట్టు తెరవనంటున్నాడు. వినపడనివాడు మైకు ఎలా నడుపుతాడని. వాడి అనుమానం న్యాయమే. అన్నం తిని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. చెవి డాక్టరు ఎడమ చెవి కూడా ఎక్కువకాలం ఉండదన్నాడు. వాడికి చెప్పలేదు. చెప్పాల్సివస్తే అరిచి చెప్పాలి. అంత గట్టిగా ఆ మాట నేను అనలేను.

డిసెంబరు 12

మధ్యాహ్నం డాబా మీద ఏదో ఊగుతున్నట్టు కిటికీ అద్దాలు అదిరాయి. కాల్పులు మళ్ళీ మొదలయ్యాయనుకుని పరిగెత్తాను. తమ్ముడు ఒక స్పీకరుని వెల్లకిలా పడుకోబెట్టి, రేడియో దానికి తగిలించి, గొంతుక్కూర్చుని అరచెయ్యి దాని గుడ్డ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. శబ్దం తగ్గిస్తున్నాడు, పెంచుతున్నాడు, మళ్ళీ తగ్గిస్తున్నాడు. అన్నం మెతుకు పట్టి చూసినట్టు చూస్తున్నాడు.

నన్ను చూసి, "చేతికి తెలుస్తోందక్కా," అన్నాడు. "గరగర ఎక్కడుందో కూడా తెలుస్తోంది." నా చెయ్యి లాగి పక్కన పెట్టుకున్నాడు. కింద ఏదో బతికున్నదాని పొట్ట మీద చెయ్యి వేసినట్టుంది. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, ఎవరూ పిలవకుండానే కూర్చుని తనూ చెయ్యి పెట్టింది.

రేడియోలో కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేస్తున్నాడు. అంత దగ్గరగా, అంత పెద్ద శబ్దంలో ఒక్క మాట కూడా తెలియడం లేదు.

అత్తయ్య తమ్ముడి మోచెయ్యి తట్టి, గట్టిగా అడిగింది. "ఏమంటున్నాడురా?"

తమ్ముడు చెయ్యి కొంచెం పక్కకి జరిపి, మళ్ళీ ఆనించి చూశాడు.

"ఏమో అత్తయ్యగారూ. వణుకుతున్నాడు."